రాత్రి సంతకం

డాక్టరు గారు మా ఆవిడని అడిగిన నాలుగో ప్రశ్న ఇది: "నైట్ షిఫ్టులేమైనా చేస్తారామ్మా?"

"నాకు లేవు మేడమ్. ఈయనకే," అంది తను.

డాక్టరు గారు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కాగితం వైపు చూసి, ఐదో ప్రశ్నకి వెళ్లిపోయారు. ఆ కాగితంలో నా షిఫ్టు రాసుకోవడానికి గడి లేదు. ఆ క్షణంలో నాకు కలిగింది, దాచుకోకుండా చెప్పాలంటే, ఊరట. లెక్కల మాస్టారి వేలు మన మీదుగా జారి పక్క బెంచీ మీద ఆగినప్పుడు కలుగుతుందే, అలాంటిది. ఇంటికొచ్చాక ఆ ఊరట సిగ్గుగా మారింది. ఎందుకు సిగ్గుపడ్డానో నాకే సరిగ్గా తెలియక, చాలా నెలలు చదివి, ఇప్పుడు రాస్తున్నాను.

మాది బనగానపల్లె. పేరు చెప్పగానే హైదరాబాద్‌లో ఎవరైనా మామిడిపండు అంటారు, నేనూ నవ్వి ఊరుకుంటాను. ఇంజనీరింగ్ అయ్యాక ఏడేళ్లు ఒక అమెరికా క్లయింటుకి ప్రొడక్షన్ సపోర్టు చేశాను. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. చేరిన రోజు పెట్టిన పదిహేను సంతకాల్లో ఒకటి, రాత్రి వేళల్లో పనిచేయడానికి నాకు సమ్మతమే అన్న కాగితం మీద. చదివే పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. అలవెన్సు కూడా ఉంది, దాంతోనే బండి కొన్నాను.

అప్పటికి పెళ్లి కాలేదు. పెళ్లయ్యాక ఒక బెడ్‌రూము ఫ్లాటు తీసుకున్నాం. కోవిడ్ వచ్చాక ఆఫీసే ఆ బెడ్‌రూములోకి వచ్చింది. తను బ్యాంకులో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్లాలి. మొదట్లో మొహం మీద చున్నీ కప్పుకుని నా మానిటర్ల వెలుగులోనే పడుకునేది. తర్వాత్తర్వాత పడుకోవడం మానేసింది. మేమిద్దరం మాట్లాడుకోవడానికి దొరికే సమయం నా బ్రేకు, రాత్రి పన్నెండున్నరకి. దాని కోసం మేలుకుని, టీ పెట్టుకుని, ట్యూబులైటు కింద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే మా పెళ్లిలో మంచి జ్ఞాపకాలు చాలావరకు ఆ పన్నెండున్నరవే.

అంటే డాక్టరు గారి ప్రశ్నకి సరైన జవాబు "నాకు లేవు" కాదు. తనకీ ఉన్నాయి. ఆ కాగితం మీద తన సంతకం లేదు, అంతే.

*

నేను ఇంజనీర్ని. భయం వేసినప్పుడు డాక్యుమెంటేషన్ చదువుతాను. రాత్రి మేలుకోవడానికీ పిల్లలు పుట్టడానికీ మధ్య నిజంగా తీగ ఏదైనా ఉందా అన్నది నాకు కావలసిన ప్రశ్న. ఉంది, నేననుకున్నదానికన్నా సూటిగా ఉంది.

మెదడు అడుగున, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 కణాల గుంపు ఒకటుంటుంది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. నేను గడియారపు గుంపు అంటాను. అందులో ప్రతి కణం దాదాపు 24 గంటల లయలో తనంతట తానే నడుస్తుంది. రోజూ దానికి టైము సరిచేసేది వెలుగు. రెటీనాలో చూపుకి పెద్దగా పనికిరాని కొన్ని కణాలున్నాయి. మెలనాప్సిన్ అనే పదార్థంతో అవి వెలుగుని, ముఖ్యంగా నీలి వెలుగుని, పట్టుకుని ఈ గుంపుకి కబురు పంపిస్తాయి. ఇవి 2002 దాకా స్పష్టంగా బయటపడలేదు. చూపు పూర్తిగా పోయినవాళ్లలోనూ కొందరికి ఇవి పనిచేస్తూనే ఉంటాయి. అంటే కంటికి చూడటం కాక ఇంకో ఉద్యోగం కూడా ఉంది.

రెండో పాత్ర జి.ఎన్.ఆర్.హెచ్. న్యూరాన్లది. మనిషి మెదడులో ఉన్న దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లలో ఇవి కొన్ని వేలే. వీటి కథ నాకు భలే నచ్చింది. ఇవి మెదడులో పుట్టవు. పిండం దశలో ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల వెంట నడుచుకుంటూ మెదడులోకి వలస వస్తాయి. దారిలో ఆగిపోతే ఆ మనిషికి యుక్తవయసు రాదు, తరచుగా వాసనా తెలియదు. గమ్యం చేరినవి సుమారు గంటకోసారి ఒక చిన్న హార్మోను చుక్క వదులుతాయి. ఆ చుక్క పిట్యుటరీని తడితే, అది అండాశయాన్నో వృషణాన్నో నడిపిస్తుంది. ఆగి ఆగి రావడమే ఇక్కడ భాష. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతులకి ఇదే హార్మోనుని ఆపకుండా ధారగా ఎక్కించి చూస్తే, వ్యవస్థ ఉత్తేజపడకపోగా మూగబోయింది. గంటకోసారి ఇస్తే మళ్లీ మాట్లాడింది.

ఈ రెండు గుంపులకీ మధ్య సంబంధం ముందుగా బయటపడింది ఆడ ఎలుకల్లో. 1950లో ఎవరెట్, సాయర్ అనే ఇద్దరు, అండం విడుదల కావలసిన రోజు మధ్యాహ్నం రెండు గంటలకి ముందు ఎలుకలకి మత్తుమందు ఇచ్చారు. ఆ రాత్రి అండం విడుదల కాలేదు. కొన్ని గంటల్లో మత్తు వదిలాక విడుదల అవ్వొచ్చు కదా? అవలేదు. సరిగ్గా మర్నాటి దాకా ఆగింది. అదే మందు నాలుగు దాటాక ఇస్తే ఏమీ జరగలేదు, అప్పటికే కబురు వెళ్లిపోయింది. ఆ రెండు గంటల కిటికీ తప్పితే శరీరం రేపటి కిటికీ కోసం కూర్చుంటుంది. మా పల్లెల్లో చివరి బస్సు తప్పినవాళ్ల లాగా.

తర్వాతి దశాబ్దాల్లో తీగలు ఒక్కొక్కటే దొరికాయి. గడియారపు గుంపులో కొన్ని కణాలు నేరుగా జి.ఎన్.ఆర్.హెచ్. న్యూరాన్లని తాకుతాయి. మరికొన్ని వాసోప్రెసిన్‌తో కిస్‌పెప్టిన్ అనే మధ్యవర్తిని లేపుతాయి. (ఆ జన్యువు 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్లో దొరికింది కాబట్టి అక్కడి కిస్సెస్ చాక్లెట్ పేరు పెట్టారు. శాస్త్రవేత్తల హాస్యం మా ఆఫీసు సర్వర్లకి పెట్టే పేర్ల స్థాయిలోనే ఉంటుందని తెలిసి సంతోషించాను.) ఈ కిస్‌పెప్టిన్ కణాల దగ్గర నాలాంటివాడికి తెలిసిన వస్తువు కనిపించింది. అది ఒక యాండ్ గేటు. అండాశయం "అండం సిద్ధం" అని ఈస్ట్రోజన్ ద్వారా చెప్పాలి. గడియారం "వేళయింది" అని చెప్పాలి. రెండూ కలిస్తేనే పెద్ద పొంగు వచ్చి అండం విడుదలవుతుంది. ఒక్కటే ఉంటే చాలదు.

ఇంకొక్క ప్రయోగం చెప్పి ఎలుకల్ని వదిలేస్తాను. హ్యామ్‌స్టర్లని ఎప్పుడూ లైటు ఆర్పని గదిలో వారాల తరబడి ఉంచితే కొన్నిటి రోజు రెండుగా చీలిపోతుంది. రోజుకోసారి చక్రం ఎక్కి పరిగెత్తేవి, పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు పరిగెత్తడం మొదలుపెడతాయి. లోపల చూస్తే మెదడు ఎడమవైపు గడియారం ఒక వేళలో, కుడివైపు గడియారం దానికి ఎదురు వేళలో నడుస్తున్నాయి. ఏ వైపు గడియారం మోగితే ఆ వైపు జి.ఎన్.ఆర్.హెచ్. న్యూరాన్లే లేస్తున్నాయని 2003లో చూపించారు. ఒక్క జీవిలో రెండు టైమ్‌జోన్లు. అది చదివినప్పుడు మా ఫ్లాటులో గోడకున్న రెండు గడియారాల వైపు చూశాను. ఒకటి మనది, ఒకటి డాలస్‌ది.

*

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతే ఇది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. ఆగకూడదు.

ఎలుక మనిషి కాదు. నోబిల్ కోతుల్లోనే, మెదడు నుంచి వచ్చే కబురుని కత్తిరించేసి, మార్పు లేకుండా గంటకో చుక్క బయటి నుంచి ఇస్తూ పోతే అండం విడుదలైంది. వేళ చెప్పేవాళ్లు లేకుండానే. అంటే మన జాతి దగ్గర గడియారం గేటు దగ్గర అంత కచ్చితంగా కాపలా కాయదు. స్త్రీలలో ఆ పొంగు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారి వేళల్లో మొదలవుతుందన్న మాట నిజమే, కానీ ఎలుకల్లోలా తలుపు మూసుకుపోదు. మన పక్క రాష్ట్రంలోనే దీని మీద పని జరిగింది. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ బృందం మనుషుల్ని గడియారం, పగలు, మరో మనిషి లేని చోట ఉంచి గమనించింది. అలా ఉన్న ఒక స్త్రీ నెలసరి, ఆమె నిద్రా మెలకువల లయతో ముడిపడి లేదని 1991లో 'కరెంట్ సైన్స్'లో రాశారు.

అదంతా చదువుతుంటే బెలుం గుహలు గుర్తొచ్చాయి. మాకు దగ్గరే, కొలిమిగుండ్ల దాటితే. 2002లో జనానికి తెరిచాక మా స్కూలు వాళ్లు తీసుకెళ్లారు. లోపలికి చాలా దూరం వెళ్లాక ఒక్క నిమిషం లైట్లు పోయాయి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. అంత చీకటి నేను ఊళ్లో కూడా చూడలేదు. పిల్లలందరం అరిచాం. లైట్లొచ్చాక ఒకడన్నాడు, "పది నిమిషాలైంది కదరా" అని. ఇంకొకడు అర నిమిషమే అన్నాడు. మా ఊరి పక్కన రవ్వలకొండ గుహలో కూర్చునే వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాశారంటారు. కాలం గురించి రాయడానికి గుహకి ఎందుకెళ్లాలో నాకు ఆ నిమిషంలో అర్థమైంది అనుకున్నాను. నిజానికి గుహలో మొదట పోయేది కాలజ్ఞానమే. 1989లో స్టెఫానియా ఫొల్లీని అనే ఇటాలియన్ యువతి అమెరికాలో ఒక గుహలో 130 రోజులు ఒంటరిగా ఉండి బయటికొచ్చి, రెండు నెలలే అయిందనుకుంది. లోపల ఆమెకి నెలసరి ఆగిపోయింది. గడియారం పోయినందుకా? చాలా బరువు తగ్గింది, ఒంటరితనం ఉంది. దేనివల్లని తేల్చి చెప్పలేం.

మనుషుల మీద ఉన్న ఆధారమంతా ఇలాగే ఉంది. నర్సుల మీద దశాబ్దాలుగా సాగుతున్న అమెరికా అధ్యయనాల్లో, షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్లకి నెలసరి క్రమం తప్పడం ఎక్కువగా కనిపించింది. ఐవీఎఫ్‌కి వచ్చిన స్త్రీలలో పగలు కాని వేళల్లో పనిచేసేవాళ్ల దగ్గర పరిపక్వమైన అండాలు తక్కువగా దొరికాయని 2017లో హార్వర్డ్ పరిశోధకులు రాశారు. సంబంధం ఉంది. కారణం అని చెప్పడానికి చాలదు. నన్ను ఎక్కువ భయపెట్టినవి మళ్లీ ఎలుక పిల్లలే. గర్భం దాల్చిన ఆడ చిట్టెలుకల పగటిని ఐదారు రోజులకోసారి ఆరేసి గంటలు ముందుకి జరుపుతూ పోతే, నెలలు నిండి కన్నవి 22 శాతమే. వెనక్కి జరిపితే 50. ఏమీ జరపకుండా వదిలేస్తే 90. ఇది 2012 నాటి ప్రయోగం. అయినా అది చిట్టెలుకే, మా ఆవిడ కాదు.

కాబట్టి నా దగ్గర ఉన్నది ఇది: తీగ ఉంది. దాంట్లో మా ఇంట్లో కరెంటు పారిందో లేదో ఎవరూ చెప్పలేరు.

*

ఇప్పుడు సంతకం సంగతి.

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్, స్త్రీలు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్యనే ఫ్యాక్టరీలో పనిచేయాలని పెట్టింది. దాని వెనక 1919 నుంచీ అంతర్జాతీయ కార్మిక సంస్థ చేస్తూ వచ్చిన ఒప్పందాలున్నాయి. ఆ రక్షణ చాలాసార్లు ఆడవాళ్లని మంచి జీతాలకి దూరం పెట్టడానికే పనికొచ్చింది. 2020లో వచ్చిన వృత్తి భద్రత కోడ్ 43వ సెక్షన్ దాన్ని తిప్పి, స్త్రీలు సమ్మతిస్తే రాత్రి కూడా పనిచేయవచ్చంది. నేను ఈ మార్పు పక్షానే ఉన్నాను. ఎవరి గర్భాశయం పేరు చెప్పీ ఎవరి ఉద్యోగాన్నీ ఆపకూడదు. ఆడ ఎలుకల మీద దొరికిన జ్ఞానం ఆడవాళ్ల మీద ప్రశ్నగా మారడం ఎంత తేలికో ఆ డాక్టరు గారి గదిలో చూశాను.

మగవాళ్లకి ఇదే తీగ లేదా? ఉంది. యుక్తవయసు మొదలయ్యేది నిద్రలో వచ్చే హార్మోను తడుపులతోనే. టెస్టోస్టెరాన్ నిద్రలో పెరిగి పొద్దున ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఇది నిద్ర తగ్గించి చేసిన పరీక్షే, నైట్ షిఫ్టు మీద కాదు. అయినా నన్ను ఆ ఒక్క ప్రశ్న అడగడానికి చాలు కదా? అడగలేదు.

కానీ చట్టంలో నన్ను ఇబ్బంది పెట్టేది సమ్మతి అన్న మాట. సమ్మతించేది ఎవరు? కాగితం చదివి, అలవెన్సు లెక్కేసి, పెన్ను పట్టేది మెదడులో ఒక భాగం. దాని కిందే ఉన్న గడియారపు గుంపుకి కాగితం చదవడం రాదు, జీతం తెలియదు. దానికి తెలిసిన భాష వెలుగూ చీకటీ మాత్రమే. మీరెంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా అది ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం కూడా దానికి తెలియదు, నడుస్తుంది అంతే. రాత్రి బస్సులో వెళుతున్నప్పుడు పొలాల మధ్య పొడుగ్గా వెలుగుతూ కనిపిస్తాయి చూడండి, కోళ్ల షెడ్లు. రోజుకి పదహారు గంటలు వెలుగు చూపిస్తే కోడి గుడ్లు పెడుతూనే ఉంటుంది. పక్షులకైతే ఆ వెలుగు కంట్లోంచే వెళ్లనక్కర్లేదు, పుర్రెలోంచి నేరుగా మెదడుకి దిగుతుంది. వెలుగు విషయంలో నాకూ ఆ కోడికీ తేడా నా సంతకమే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ తేడా ఎంతో సరిగ్గా చెప్పలేను.

దీనికి ఒక జవాబుంది, గట్టిదే. శరీరం అడిగినవన్నీ వినాలంటే ఏ పనీ చేయలేం. గుండె కూడా బరువులెత్తడానికి సమ్మతి ఇవ్వలేదు. మనిషన్నవాడు తన లోపలి మూగ భాగాల తరఫున మాట్లాడే ప్రతినిధి, ఆ మాత్రం అధికారం లేకపోతే స్వేచ్ఛ అన్న మాటకే అర్థం లేదు. సరే, ఒప్పుకుంటాను. నా ఒంటి తరఫున సంతకం పెట్టే హక్కు నాకుంది.

కానీ వెలుగు నా ఒంటి దగ్గర ఆగలేదు. గది నిండా పడింది.

*

పోయిన వేసవిలో ఇద్దరం ఊరికెళ్లాం. అమ్మ అడిగింది, "ఏం నాయనా, డాక్టరమ్మ ఏం చెప్పె?" చెప్పినంత చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "పాపను ఆ ఉద్యోగం మాన్పిస్తే ఎట్లుంటాది? ఊరికే అగసాట్లు" అంది.

"రాత్రిళ్లు పనిచేసేది నేనమ్మా."

"మగోనికి ఏమైతాది లే."

నాయన మాత్రం నేను చెప్పిందంతా విని నవ్వాడు. "రాత్రి రెండుకు కరెంటిచ్చేటోళ్లు. ఎన్నేండ్లు పోయినా మోటరు కాడికి! పాములుండ్య, తేళ్లుండ్య. నువ్వు పుట్లేదా? మీ చెల్లెలు పుట్లేదా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి పని మా ఇంటికి నాతో రాలేదు. బోర్లకి రాత్రి కరెంటిచ్చే రోజుల్లో రాయలసీమలో ప్రతి రైతూ నైట్ షిఫ్టే చేశాడు, అలవెన్సు లేకుండా. పల్లె అంటే పొద్దుతో లేచి పొద్దుతో పడుకోవడం అని సిటీలో మనం రాసుకునేదంతా చాలావరకు కల్పన. ఇద్దరు పిల్లల్ని కన్నంత మాత్రాన నాయన వాదన గెలవదు, అది లెక్కల ప్రకారం తప్పు. కానీ ఆ రాత్రి మిద్దె మీద పడుకుని ఆలోచిస్తే నాకు వేరే సంగతి తట్టింది. నాయన టార్చిలైటు తీసుకుని బయటికి వెళ్లేవాడు. వెళుతూ తలుపు దగ్గరికి వేసేవాడు. అమ్మ లోపల చీకట్లో నిద్రపోయేది. కనీసం నాకు గుర్తున్నంతవరకు. పొద్దున అడిగితే అమ్మ అంది, "యాడ నిద్ర? నువ్వొచ్చే దాకా మెలకువగానే ఉంటాంటి." అంది నాయనతో, నా వైపు చూడకుండా. నాయనకి ఆ సంగతి ఇన్నేళ్లకి తెలిసినట్టుంది. ఏమీ అనలేదు, గ్లాసు తీసుకుని బయటికెళ్లాడు.

అవ్వ ఉన్నప్పుడు మా ఇంట్లో రెండు బర్రెలుండేవి. చలికాలంలో, అదీ రాత్రిపూట ఎదకొచ్చేవి. గట్టిగా అరవవు కూడా. అవ్వ నడిరాత్రి లేచి దొడ్లోకెళ్లి చూసొచ్చేది. "గొడ్డుకు తెలుచ్చాది రా యాళ. మనిసికే తెలీదు," అనేది. ఎదకు రాని బర్రెకి పశువుల డాక్టరు బుసెరెలిన్ అనే సూది వేసేవాడు. ఆ పేరు నేను మర్చిపోయాను. మొన్న మా ఆవిడ ప్రిస్క్రిప్షన్‌లో మళ్లీ చూశాను. జి.ఎన్.ఆర్.హెచ్. హార్మోను బర్రెలో, మనిషిలో అక్షరం తేడా లేకుండా ఒకటే, దాన్ని కొంచెం మార్చి చేసిన మందు ఇది. ఒకే సందేశం కాబట్టి ఒకే మందు. తనకి చెబితే కోపం వస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. "అయితే మీ అవ్వ ఉంటే నన్ను బాగా చూసుకునేది" అంది.

*

ఐవీఎఫ్ గురించి నాకు ముందు ఇలా అర్థం కాలేదు. మొదట మెదడు పొంగుని అణిచిపెడతారు, నోబిల్ కోతుల్లో కనిపించినట్టే, ఆగకుండా మందు పంపి. తర్వాత వేరే సూదులతో అండాలని పెంచుతారు. చివర్లో ట్రిగ్గర్ ఇంజక్షన్. గడియారపు గుంపు చెప్పాల్సిన "వేళయింది" అన్న మాట ఈ సూది చెబుతుంది. ఇచ్చిన సుమారు 36 గంటలకి అండాలు తీయాలి కాబట్టి, ఆసుపత్రి థియేటర్ ఖాళీని బట్టి వెనక్కి లెక్కేసి ఇంజక్షన్ టైము చెబుతారు. మాకు రాత్రి పది పదిహేను అని చెప్పారు. ఐదు నిమిషాలు కూడా అటూ ఇటూ కాకూడదు సార్ అన్నారు.

ఆ రాత్రి నాకు రిలీజు ఉంది. పది పన్నెండుకి కాల్‌లో మ్యూట్ పెట్టి, ఫ్రిజ్‌లోంచి సూది తీసి, తన పొట్ట మీద స్పిరిట్ రాసి, డాలస్ గడియారం కాక రెండో గడియారం చూస్తూ నిలబడ్డాను. పది పదిహేనుకి పొడిచాను. చెయ్యి వణకలేదు, క్రాన్ జాబులు రాసీ రాసీ అలవాటైన చెయ్యి. హెడ్‌సెట్‌లో ఎవరో నా పేరు పిలిచారు. ఒక్క నిమిషం అన్నాను. తను దూది అదిమి పట్టుకుని, "వెళ్లు, పిలుస్తున్నారు" అంది.

ఆ సైకిల్ నిలబడలేదు.

*

బెర్నార్డ్ విలియమ్స్ 1976లో నైతిక అదృష్టం మీద రాస్తూ ఒక లారీ డ్రైవరు ఉదాహరణ ఇచ్చాడు. తన తప్పేమీ లేకుండా ఒక పిల్లవాణ్ని గుద్దేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పు లేదంటారు, అనాలి కూడా. కానీ ఆ డ్రైవరు ఆ మాట మరీ తొందరగా నమ్మేసి టీ తాగడానికి వెళ్లిపోతే మనకి అతని మీద అనుమానం కలుగుతుంది. తప్పు లేకపోయినా చేసినవాడికి మాత్రమే చెందే ఒక రకం బాధ ఉంటుందని ఆయన వాదన.

నాకు ఆ డ్రైవరంటే ఒకరకంగా అసూయ. తన లారీ తగిలిందని అతనికి తెలుసు. మా విషయంలో లారీ తగిలిందో లేదో కూడా తెలియదు. రిపోర్టుల్లో తన ఏ.ఎం.హెచ్. కొంచెం తక్కువ, నా కౌంటు ఫర్వాలేదు, కారణం "తెలియదు" అనే పెద్ద సంచీలో మమ్మల్ని వేశారు. దేశమంతటా ఆ సంచీలో చాలామంది ఉన్నారు, వాళ్లలో జీవితంలో ఒక్క రాత్రీ మేలుకోనివాళ్లూ ఉంటారు. కాబట్టి నేను బాధ్యుణ్ని అంటే అది నాటకం. బాధ్యత లేదంటే అది డాక్టరు గదిలో కలిగిన ఊరటే మళ్లీ.

నేను తేల్చుకున్నది చిన్న విషయం. కారణం నిరూపణ అయ్యాకే బాధ్యత మొదలవుతుందనుకోవడం నా పొరపాటు. తన రాత్రిని నేను వాడుకున్నాను అన్నది ఏ పరిశోధన మీదా ఆధారపడిన విషయం కాదు. పిల్లలు వెంటనే పుట్టి ఉన్నా అది నిజమే. అప్పుడు నేను ఎప్పటికీ ఆలోచించేవాణ్ని కాదు, అంతే. మార్క్స్ 'పెట్టుబడి'లో పనిదినం మీద రాసిన పెద్ద అధ్యాయంలో రాత్రి పని మీద, పగలూ రాత్రీ వంతులవారీగా పనిచేయించే పద్ధతి మీద ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. బీటెక్‌లో చదివినప్పుడు యజమాని, కార్మికుడు అని రెండు వైపులే చూశాను. కార్మికుడు ఇంటికి తీసుకొచ్చే రాత్రిని ఇంట్లో ఎవరు పంచుకుంటారన్నది నాకు అప్పుడు తట్టలేదు.

ఇదంతా ఒకరోజు తనకి చెప్పాను, హ్యామ్‌స్టర్లతో సహా. విని, "మరి ఆ పన్నెండున్నర కబుర్లు?" అని అడిగింది. "అవి నాకిష్టమయ్యే మేలుకున్నా. అన్నిటికీ నువ్వే దోషివి అంటే నేనక్కడ లేనట్టుంది కదా." దానికేం చెప్పాలో నాకింకా తెలియదు. సమ్మతి గురించి ఇంత ఆలోచించి, తను కూడా సమ్మతించగలదన్న సంగతే వదిలేశాను.

ఫిబ్రవరిలో పగటి టీముకి మారాను. అలవెన్సు పోయింది. డాలస్ గడియారం తీసేశాం, ఆ చోట గోడ మీద తెల్లటి గుండ్రం మిగిలింది. రాత్రి పదిన్నరకి లైట్లార్పితే మొదటి రెండు వారాలు ఇద్దరికీ నిద్ర పట్టలేదు. చీకట్లో పడుకుని కబుర్లు చెప్పుకున్నాం.

గత నెల ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. ఫారం ఇచ్చారు, నాలుగు పేజీలు. మూడున్నర తనవి. నా పేరు కింద వృత్తి అని ఒక గడి. సాఫ్ట్‌వేర్ అని రాసి, పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాశాను: ఏడేళ్లు, సాయంత్రం 6.30 నుంచి తెల్లవారి 3.30 వరకు, రెండున్నరేళ్లు ఇంట్లోనే, ఒకే గదిలో. కౌంటర్‌లో అమ్మాయి చదివి, "ఇదంతా అక్కర్లేదు సార్, సిస్టంలో దీనికి ఫీల్డు లేదు" అంది.

ఉండనివ్వమ్మా అన్నాను. ఆ అమ్మాయి భుజాలెగరేసి స్టాంపు వేసింది.